పికిలిపిట్ట కుడికాలు

"కనుబొమ్మ మీద ఆ మచ్చ ఉంచమంటారా, తీసేయమంటారా? ఇదివరకైతే అసలు అడిగేదాన్నే కాదండీ. మీరు స్టూలు మీంచి లేచేలోపు తీసి పారేసేదాన్ని."

టచింగక్క కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే అంది. తెర మీద, స్టూలు మీద కూర్చున్న మనిషి ముఖం అరచెయ్యంత వెడల్పున ఉంది. లైసెన్సు కోసం ఆరు ఫోటోలు కావాలని వచ్చాడతను. తొందరేమీ లేదన్నాడు. మచ్చ చిన్నప్పుడు గడప తగిలి పడిందని, ఉంటే ఉండనివ్వమని చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా, ఇప్పుడు అడగడం ఎందుకు మొదలుపెట్టారని అడిగాడు. ఆ ప్రశ్న కోసమే కూర్చున్నదానిలా ఆమె కుర్చీని ఇటు తిప్పింది.

"పెద్ద కథే. ప్రింటరు వేడెక్కడానికి కూడా టైం పడుతుంది లెండి. కూర్చోండి."

ఆ ముందుగదే ఆమె స్టూడియో. గోడకి తెల్లగుడ్డ, అటొకటి ఇటొకటి గొడుగు దీపాలు, గుండ్రంగా తిరిగే స్టూలు, అద్దం పక్కన దారంతో కట్టిన దువ్వెన. దువ్వెనని ఎందుకు కట్టారో అడిగిన ప్రతివాళ్ళకీ, అంతకుముందు ఐదు దువ్వెనలు జేబుల్లో నడిచి వెళ్ళిపోయాయని చెబుతుంది. గది వెనక వంటిల్లు, వంటింటి వెనక రెండు మెట్లు, మెట్లు దిగితే పెరడు. పొడవు పదకొండు అడుగులు వేస్తే అయిపోతుంది, వెడల్పు ఆరడుగులు వేస్తే గోడ తగులుతుంది. అందులోనే బట్టలుతికే బండ, నీళ్ళ తొట్టి, టమాటా మడి, గోడవారన గుబురుగా పెరిగిన మందార, ఈ చివర నుంచి ఆ చివరకి దండెం.

ఆమెకా పేరు ఉత్తినే రాలేదు. ఊరి నడిమధ్య ఉన్న పెద్ద స్టూడియోలో ఇరవై ఏడేళ్ళు టచింగ్ పని చేసింది. మొదట్లో దీపం పెట్టె మీద నెగటివ్ పరిచి, మొన తేలిన పెన్సిలుతో మచ్చలు పూడ్చేది. తర్వాత పెన్సిలు పోయి మౌసు వచ్చింది, చెయ్యి మాత్రం అదే. మొటిమలు, పుట్టుమచ్చలు, కంటి కింద నలుపు, వంకర కాలరు, ఫోటో తీసే క్షణంలోనే రెప్ప వేసిన మహానుభావులు, అన్నీ ఆమె బల్ల మీదకి వచ్చి బాగుపడి వెళ్ళేవి. కన్ను మూసుకున్నవాళ్ళకి ఇంకో ఫోటోలోంచి కన్ను తెచ్చి అమర్చేది. ఒకసారి అన్నదమ్ములిద్దరి కళ్ళూ తారుమారైతే ఇంట్లోవాళ్ళు కూడా పోల్చుకోలేదట.

స్టూడియో యజమాని ఆమెకి రెండే రెండు నియమాలు నేర్పాడు. ఒకటి, మచ్చతో ఏ ముఖమూ గుమ్మం దాటకూడదు. రెండు, పని అయ్యాక పాతది మిగలకూడదు, దాని మీదే కొత్తది సేవ్ చేసెయ్యాలి. పాతది దాచితే ఎప్పుడో పొరపాటున అదే ప్రింటవుతుందని, ఉన్నది ఉన్నట్టు చూపిస్తే జనం అద్దాన్నైనా క్షమిస్తారుగానీ స్టూడియోని క్షమించరని ఆయన అనేవాడు. ఆ మాట ఆమె చేతి వేళ్ళలోకి ఇంకిపోయింది.

జనమంతా ఫోన్లలోనే ఫోటోలు దిగడం మొదలుపెట్టాక స్టూడియో మూతపడింది. యజమాని వెళ్తూ వెళ్తూ ఒక కెమెరా, చేతి పొడుగు లెన్సు ఆమెకిచ్చాడు. హాలు చివర నిలబడి వేదిక మీది ముఖాలు తియ్యడానికి కొన్న లెన్సది. ముందుగదిలో ఆమె సొంత దుకాణం పెట్టింది. వచ్చేది రోజుకి ఇద్దరో ముగ్గురో. మిగతా పొద్దంతా ఏం చెయ్యాలో తోచక, కెమెరా పట్టుకుని వంటింటి మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

మొదట దొరికింది ఒక తొండ. దాన్ని పాస్‌పోర్టు ఫోటోలాగే తీసింది. ఎదురుగా, గడ్డం కొంచెం పైకి, వెనకాల గోడ తప్ప ఇంకేమీ లేకుండా. రెండు చెవులూ పడాలి కదా అని, తొండకి చెవులెక్కడుంటాయా అని కాసేపు వెతికింది కూడా. తర్వాత బండ మీద నత్త. ఆ ఫోటో తెర మీద పెట్టగానే నత్త వెనకాల మెరిసే గీత కనిపించింది. లెన్సు మీద గీత పడిందనుకుని శుభ్రంగా తుడిచేసింది. ఆ తర్వాత పికిలిపిట్ట. నెత్తిన నల్లటి కుచ్చు, మడి మీద పండిన టమాటాలన్నీ తనకోసమే పండాయన్నట్టు నడక. దాని తోక కింద ఎర్రటి మరక ఉంది. ఏ రంగో అంటుకుని ఉంటుందనుకుని అదీ తీసేసి, తీసుకెళ్ళి అత్తగారికి చూపించింది.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "పిట్టని కూడా ఉతికేశావేంటే అమ్మాయ్. దాని ఎరుపు దానికి పుట్టుకతో వచ్చింది," అన్నారు.

అత్తగారికి డెబ్భై ఆరు. కొడుకు, అంటే టచింగక్క భర్త, బస్సు డ్రైవరు. కొత్త ఫోను కొనుక్కున్నప్పుడు పాతది ఆవిడకిచ్చాడు. అప్పటి నుంచి ఆవిడా ఫోటోలు తీస్తున్నారు. ముఖ్యంగా దండెం. దండెం మీది క్లిప్పులు ఎవరో ఎత్తుకుపోతున్నారని ఆవిడకి గట్టి అనుమానం. అందుకని రోజూ బట్టలు ఆరేయగానే సాక్ష్యానికో ఫోటో, తీసేముందు ఇంకో ఫోటో. అది కాక పొంగిన పాలు, తలకిందులుగా పడున్న కోడలి చెప్పులు, పేపరు ముఖాన వేసుకుని గురకపెట్టే కొడుకు. ఒక్కటీ తిన్నగా ఉండదు. ప్రతి ఫోటో మూలా ఆవిడ బొటనవేలు.

"అత్తయ్యా, ఇందులో బాగా వచ్చింది మీ వేలొక్కటే," అని కోడలు ఏడిపించేది.

"పోన్లే, నేను తీశాను కాబట్టి దాని ముడతలు దానికున్నాయి," అని అత్తగారు తిప్పికొట్టేవారు.

ఇక్కడిదాకా నవ్వుతూ చెప్పుకొచ్చిన టచింగక్క ఆగి, ప్రింటరు వైపు చూసింది. అది ఇంకా గురగురమంటూనే ఉంది.

నిరుడు టమాటాలు విరగకాశాయి. పికిలిపిట్టలు ఒక్క పండునీ మిగల్చకుండా పొడిచి పెడుతున్నాయని ఆమె విసిగిపోయింది. నైలాను వల తెచ్చి మడి మీద పరిచింది. కర్రలు పాతి బిగించి కట్టాలని వల అమ్మిన కొట్టాయన చెప్పనూ లేదు, ఈమె అడగనూ లేదు. దుప్పటి కప్పినట్టు వదులుగా పడేసి వచ్చింది. మూడో రోజు పొద్దున బట్టలు నానబెడదామని మెట్లు దిగితే వలలో ఏదో కొట్టుకుంటోంది.

పికిలిపిట్ట. ఎంత పెనుగులాడితే అంత చుట్టుకుంటోంది. ఆమెకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అత్తగారే తువ్వాలు తెచ్చి పిట్టని చుట్టి పట్టుకున్నారు. ఫోటోలు కత్తిరించే చిన్న కత్తెరతో ఆమె ఒక్కో పోగూ తెంపుకుంటూ వచ్చింది. రెక్క విడిపడింది, మెడ విడిపడింది, చివరికి కాలి దగ్గర ఒక వేలికి దారం బిగుసుకుని మాంసంలోకి దిగిపోయి ఉంది. ఆ వేలు అప్పటికే నల్లబడింది. కత్తెర మొన అక్కడ పెట్టబోయేసరికి పిట్ట ఒక్క గుంజు గుంజుకుని, వేలికి దారంతోనే ఎగిరి గోడ దాటిపోయింది.

మడి మీద వల ఆ పూటే తీసేసింది. తీసేస్తే మాత్రం ఏం లాభం? రెండు రోజుల తర్వాత ఆ పిట్టే గోడ మీద వాలితే ఫోటో తీసింది. తెర మీద పెట్టి పెద్దది చేసి చూసింది. ముడుచుకున్న కాలు, వేలాడుతున్న దారం. ఆమె చెయ్యి ఊరుకోలేదు. బాగున్న కాలిని తెచ్చి, అద్దంలోలా తిప్పి, బాగాలేని కాలి మీద అతికించింది. దారం తుడిచింది. పాతదాని మీదే సేవ్ చేసింది.

"అబద్ధమెందుకు చెప్పాలండీ, ఆ పూట నాకు అన్నం సయించింది. తెర మీద దాని కాలు బాగైపోయింది చూడండి. నిజంగా నేనే బాగు చేసినట్టు అనిపించింది."

అంతటితో ఆగలేదు. ఆ తర్వాత తీసిన ఏ పికిలిపిట్ట ఫోటో అయినా, కాలు ఆకు చాటునున్నా, నీడ పడినా, అనుమానం తగిలిన ప్రతిచోటా రెండు చక్కటి కాళ్ళు పెట్టేసింది. కొన్నాళ్ళకి పిట్టలు రావడం మానేశాయి, లేదా ఈమే అటు చూడ్డం మానేసింది. దారంతో ఎగిరిపోయింది బతికిందా, చచ్చిందా? ఆ ఒక్క ప్రశ్న మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. భర్త బతికే ఉంటుందిలెమ్మనేవాడు. ఎవరికీ తెలియని సంగతికి అందరూ చెప్పే జవాబది. ఆమెకి అది చాలలేదు.

ఈ ఏడాది ఎండలు ముదరకముందే ఒక పికిలి జంట మందార గుబురులో పుల్లలు పేర్చడం మొదలుపెట్టింది. మెట్ల మీంచి చూస్తున్న ఆమె ఉన్నట్టుండి లేచి నిలబడింది. రెండింటిలో ఒకటి వాలినప్పుడల్లా ఒక కాలు పొట్టకిందకి ముడుచుకుంటోంది.

అదేనా? అత్తగారిని పిలిచి చూపించింది. ఆవిడ చూసి, ఏమో, కాళ్ళు ముడుచుకోని పిట్టలు ఎక్కడున్నాయన్నారు. ఇంతకీ అప్పుడు దెబ్బ తగిలింది ఏ కాలికి? కుడి అని కోడలు, ఎడమ అని అత్తగారు. తువ్వాలులో పట్టుకున్నది తనైతే కోడలికేం తెలుసని ఆవిడ, దారం కోసింది తనైతే అత్తగారికేం తెలుసని ఈవిడ. అలా ఒక పూటంతా వాదించుకున్నారు. తెగక, నిరుటి ఫోటోలు తీసి చూద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నారు.

గోడ మీద పికిలిపిట్ట. రెండు కాళ్ళూ నిగనిగలాడుతున్నాయి. ఏది అసలుదో, ఏది అతికించిందో చేసిన మనిషికే తెలియలేదు. మొత్తం నలభై ఫోటోలు తిరగేసింది. ఒక్కదాంట్లోనూ అతుకు దొరకలేదు. అంత బాగా చేసింది పని. అత్తగారు కళ్ళజోడు తీసి మడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఏదో ఒక మాట అని ఉంటే బాగుండేదనిపించిందట ఆమెకి.

ఆ వారంలోనే అత్తగారి ఫోను నిండిపోయింది. కొత్త ఫోటో పట్టడం లేదని, పనికిరానివి తీసేసి పెట్టమని కోడలి చేతికిచ్చారు. కోడలికి పనికిరానివాటి కోసం వెతకాల్సిన అవసరమే కనబడలేదు. దండెం ఫోటోలే వందలకి వందలు. మూడువందలు ఒక్కసారే ఎంచి, తీసెయ్యడానికి వేలు ఎత్తింది. అంతలో ఒక చిన్న బొమ్మ దగ్గర కన్ను ఆగిపోయింది. భర్త చొక్కా ఆరేసి ఉంది, దాని పైన తీగ మీద గింజంత నల్లటి మచ్చ. ఇరవై ఏడేళ్ళు మచ్చలు వెతికిన కన్నది, ఇంకెవరికైనా అది మచ్చలాగానైనా కనబడేది కాదు. తుడవాల్సిందేమో చూద్దామని పెద్దది చేసింది.

మచ్చ కాదు. నెత్తిన కుచ్చు ఉంది.

చొక్కా పైన తీగ మీద పికిలిపిట్ట. కుడికాలు. మధ్యవేలు నల్లగా, దాన్నుంచి దారం పోగు వేలాడుతోంది. ఫోటో కింద తారీకు చూస్తే వల తీసేసిన పదకొండో రోజు. మూడువందలూ వదిలేసి మొదటి నుంచి ఒక్కోటీ తెరవడం మొదలుపెట్టింది. పొంగిన పాలు, చెప్పులు, తువ్వాళ్ళు, బొటనవేలు, దుప్పట్లు, బొటనవేలు. ఇరవై ఆరో రోజు ఫోటోలో తిరగేసిన బక్కెట్టు, పక్కన తొట్టి అంచున వంగి నీళ్ళు తాగుతున్న పిట్ట. దారం లేదు. కుడికాలి మధ్యవేలూ లేదు. ఆ చోట చిన్న మొటిమలాంటి బుడిపె మాత్రం ఉంది.

ఆ గండం కూడా దాటిందన్నమాట. బతికింది.

వంటింట్లోకి వెళ్ళి అత్తగారి ముందు ఫోను పెట్టింది. ఆవిడ ముందు ఫోటోలో క్లిప్పులు లెక్కపెట్టుకుని, తర్వాతే పిట్టని చూశారు.

"కుడికాలే," అని ఒప్పుకున్నారు. ఫోను తిరిగి అందుకుంటూ, "నా వేలు అడ్డం రాలేదు, అదృష్టం," అన్నారు.

ఇక మిగిలింది గూట్లో ఉన్నదాని కాలు చూడడం. అదంత తేలిక కాదు. కూర్చుంటే పొట్ట ఈకలు కాళ్ళని కప్పేస్తాయి, గుబురులో దూరితే ఆకులు కప్పేస్తాయి. గూటి దగ్గరికి వెళ్తే బెదిరి వదిలేస్తుందేమోనని భయం. పొదిగిన గుడ్లు పిల్లలై, తల్లీ తండ్రీ మేత తేవడం మొదలుపెట్టాక ఆమె ఒక సంగతి గమనించింది. మేత నోట పట్టుకున్న పిట్ట నేరుగా గూటికి పోదు. ముందు దండెం మీద వాలి అటూ ఇటూ చూసుకుని, ఎవరూ లేరనుకున్నాకే లోపలికి దూరుతుంది. అంటే తీగ ఖాళీగా ఉండాలి.

అడగకముందే అత్తగారు బట్టలు ముందుగదిలో ఆరేయడం మొదలుపెట్టారు. గొడుగు దీపాల మీద తువ్వాళ్ళు, తిరిగే స్టూలు మీద దిండు గలీబులు. ఫోటోకి వచ్చినవాళ్ళు దుప్పటి తప్పించుకుని లోపలికి రావాల్సి వచ్చింది. ఇల్లంతా తడివాసన. భర్త పొద్దున్నే చెమ్మ చొక్కా తొడుక్కుంటూ, ఈ ఇంట్లో పిట్టకున్న దండెం తనకి లేదని గొణిగాడు. గొణిగినవాడే చప్పుడుకి పిట్ట బెదురుతుందని బూట్లు చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు.

పెరటివైపున్న స్నానాలగది కిటికీలో కెమెరా పెట్టుకుని ఆమె నాలుగు పొద్దులు నిలబడింది. మొదటిరోజు వాలింది రెండు కాళ్ళూ బాగున్నది, జతపిట్ట. రెండోరోజు పిల్లి వచ్చింది. మూడోరోజు అసలు పిట్టే వాలింది గానీ అటు తిరిగి, తోక కింది ఎరుపు చూపించి పోయింది. ఆ ఎరుపుని ఒకప్పుడు ఉతికేసినందుకు కక్ష తీర్చుకుంటోందని అత్తగారి వ్యాఖ్యానం. నాలుగోరోజు పచ్చటి గొంగళిపురుగు నోట కరుచుకుని, సరిగ్గా ఎదురుగా వాలింది. తీగని రెండు కాళ్ళతోనూ పట్టుకుంది. ఆమె ఊపిరి బిగపట్టి మీట నొక్కింది. ఒకటి కాదు, తొమ్మిదిసార్లు.

తెర మీద పెట్టారు. కుడికాలికి ముందు రెండు వేళ్ళు, వెనక ఒకటి. మధ్యలో బుడిపె. అత్తగారి ఫోను పక్కన పెట్టి చూశారు. అదే కాలు, అదే వేలు, అదే బుడిపె.

ఆమె అలా చూస్తూ ఉండిపోయింది. చూస్తుండగానే బాణంగుర్తు జరుక్కుంటూ వెళ్ళి బాగున్న ఎడమకాలి చుట్టూ, కత్తిరించి తేవడానికన్నట్టు, గీత గీయడం మొదలుపెట్టింది. తన చేతిని తనే గమనించలేదు. వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఉతక్కు. అలాగే ఆరెయ్."

చెయ్యి మౌసు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. ఏడుపు కాదని, అన్నాళ్ళూ పట్టి ఉంచిన ఊపిరేదో అలా బయటికొచ్చిందని చెప్పింది.

"ఇలాంటి కాలు ఈ ఊళ్ళో ఇంకో పికిలికి ఉండదని నేనేం రాసివ్వలేనండీ. కానీ అదేనని నాకు తెలుసు. ఇప్పటికీ టమాటా మడి వైపు వాలదు. నా మీద నమ్మకం కుదరలేదింకా. అయినా గూడు మాత్రం నా గోడ పక్కనే కట్టుకుంది కదా."

ఆ రోజు నుంచి పాతది చెరపడం మానేసింది. ఫోటోకి వచ్చినవాళ్ళని ఉంచనా, తీయనా అని అడుగుతోంది. పదిమందిలో ఎనిమిదిమంది తీసెయ్యమనే అంటారు. తీసేస్తుంది, పని పనే. కానీ అసలుది పక్కన వేరే దాచిపెడుతుంది. అత్తగారి ఫోనులోని ఫోటోలన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది. పాలు, చెప్పులు, బొటనవేళ్ళు, ఒక్కటి కూడా పోనివ్వలేదు. క్లిప్పుల దొంగ మాత్రం ఇంకా దొరకలేదు. అది ఉడత పనని ఒక ఫోటోలో అనుమానం కలుగుతోంది గానీ, బొటనవేలు అడ్డం వచ్చింది.

ప్రింటరు ఆరు ముఖాలనీ బయటికి తోసింది. కనుబొమ్మ మీద గడప తగిలిన మచ్చ ఆరింటిలోనూ ఉంది. వాటిని కత్తిరించి కవర్లో పెట్టింది. తర్వాత సొరుగు లాగి ఇంకో పెద్ద కవరు తీసింది. అందులో గొంగళిపురుగు పట్టుకున్న పికిలిపిట్ట, దినపత్రిక పేజీలో సగమంత. కుడికాలు స్పష్టంగా కనబడుతోంది.

వంటింట్లోంచి అత్తగారి గొంతు, పిల్లలు గూటి అంచెక్కాయని, ఇవాళో రేపో ఎగిరేలా ఉన్నాయని, ఎవరూ గట్టిగా మాట్లాడొద్దని వినిపించింది. అందరికంటే గట్టిగా మాట్లాడింది ఆవిడే.

టచింగక్క గుమ్మందాకా వచ్చి, గొంతు తగ్గించి అంది.

"మీరు వెళ్ళేది మార్కెట్టు దారేగా. మొక్కలూ వలలూ అమ్మే కొట్టొకటి ఉంటుంది మూలమీద, నేను వల కొన్నది అక్కడే. ఆయనకి ఇదిచ్చి, వల చుట్టల పైన గోడకి పెట్టమనండి. కొనేవాళ్ళతో కర్రలు పాతి బిగించి కట్టమని ఒక్క మాట చెప్పమనండి, ఎందుకని అడిగితే ఈ కాలు చూపించమనండి. నేనెళ్తే తప్పు పట్టడానికి వచ్చాననుకుని ఆయన నొచ్చుకుంటాడు, మీరైతే వింటాడు. ఇంకోటి, కాలి దగ్గర ఏదో అంటుకుందనుకుని గోటితో గీకుతాడేమో. అది మరక కాదని ముందే చెప్పండి. గేటు మెల్లగా వెయ్యండి, ఏం?"